శౌరమ్మ వరుసలో ఖాళీ గడులు

జనవరి 12, 2025, ఆదివారం

జాబితా ఇచ్చేశాను. ఇరవై మూడు పేర్లు. ఆరాధన అయ్యాక సంఘ కమిటీ కార్యదర్శి మాణిక్యంగారి చేతిలో పెట్టి, అందినట్టు సంతకం తీసుకున్నాను.

నియమం స్పష్టంగా ఉంది. వరుసగా మూడేళ్లు ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం తీసుకోనివారు సభ్యుల జాబితాలో ఉండరు. పాత నియమమే, ఎవరూ అమలు చేయలేదు. ఇప్పుడు సమాధుల తోటలో చోటు లేదు, మిగిలినవి తొమ్మిది గుంటలు. సభ్యులెవరో తేలితే తప్ప తోట సంగతి తేలదని డిసెంబరు మీటింగులో అన్నారు. నా దగ్గర రిజిస్టరు ఉందని చెప్పాను. ఉంది కాబట్టి చెప్పాను.

ఇరవై రెండేళ్లుగా ప్రతి నెలా మొదటి ఆదివారం రెండో బెంచీ చివర కూర్చుని, బల్ల దగ్గరికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ టిక్కు పెడుతున్నాను. ముప్పైనాలుగేళ్లు ఆడపిల్లలకు లెక్కలు చెప్పిన చెయ్యి. గడి తప్పదు.

ఇరవై ముగ్గురిలో పదహారు మంది హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయారు. ఆరుగురు వేరే సంఘాల్లో చేరారు. మిగిలింది ఒక్కరు. పద్నాలుగో పేరు. శౌరమ్మ, భర్త కీర్తిశేషుడు అంతోని.

శౌరమ్మ మా చర్చి ఊడ్చి, తుడిచి, సంస్కారపు కప్పులు కడిగే మనిషి. మూడేళ్లలో ముప్పైఆరు సంస్కారాలు. ఆమె వరుసలో ముప్పైఆరు గడులూ ఖాళీ. పేరు రాసేముందు ఒక నిమిషం ఆగాను. ఆగి, రాశాను. ఒకరి కోసం ఆపితే ఇరవై ఇద్దరికి ఏం జవాబు చెప్పను?

మీలాంటివారు ఉండబట్టే సంఘం ఒక పద్ధతిలో నడుస్తోందని మాణిక్యంగారు అన్నారు.

జనవరి 16, గురువారం

శౌరమ్మ వరుస మళ్లీ చూశాను. పొరపాటున పై వరుసలోనో కింది వరుసలోనో టిక్కు పడిందేమోనని. లేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

సంస్కారం. నూట నలభై ఎనిమిది మంది. కప్పులు నూట అరవై పెట్టాం. పన్నెండు మిగిలాయి. సరిపోయింది.

జాబితాను నోటీసు బోర్డులో పెట్టారు, తీసేసిన పేర్లు కింద వేరుగా. శౌరమ్మకు చదువు రాదు. నేను వెళ్లేసరికి బోర్డు అద్దం తుడుస్తోంది. అద్దం మీద ఏదో మరక ఉంటే గోటితో గీకి, నోటి ఆవిరి ఊది, కొంగుతో మళ్లీ తుడిచింది. నాకు వందనాలు చెప్పింది. నేనూ చెప్పాను.

పాదాలు వాచి ఉన్నాయి. చెప్పులు పట్టక వట్టి కాళ్లతో తిరుగుతోంది. ఏమైందని అడిగితే, నిలబడి నిలబడి అలా అయ్యాయంది. సంస్కారం జరిగినంతసేపూ వసారాలో కూర్చునే ఉంటుంది, పిల్లల్ని పెట్టుకుని. ఈ రోజు పదకొండు మంది పిల్లలు.

ఫిబ్రవరి 11, మంగళవారం

చెప్పొద్దన్న సంగతి హెప్సిబా నాకు చెప్పింది. హెప్సిబా నా కూతురి కూతురు. ఇక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు, నా దగ్గరే ఉంటుంది. పోయిన గురువారం శౌరమ్మ వాళ్ల ఆసుపత్రికి వచ్చిందట. రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలన్నారట. గుండె కూడా బాగాలేదట. ఎన్నాళ్లని డాక్టరు చెప్పలేదు. చెప్పకపోవడమే చెప్పడమని హెప్సిబా అంది.

"నీకు మాత్రం చెప్పొద్దంది అమ్మమ్మా."

ఎందుకని అడిగాను.

"టీచరమ్మగారికి తెలిస్తే పని మానెయ్యమంటారు, నేను మానేస్తే కప్పులు ఎవరు కడుగుతారు, అంది."

జాబితా సంగతి హెప్సిబాకు చెప్పలేదు. అది కమిటీ విషయం.

ఫిబ్రవరి 15, శనివారం

ఆటోలో సింగ్ నగర్ వెళ్లాను. పోయిన ఏడు వరద వచ్చి వెళ్లిన గీత గోడల మీద ఇంకా అలాగే ఉంది, నా భుజం ఎత్తున. శౌరమ్మది ఒక్కటే గది. ఒక మంచం, ఒక రేకు పెట్టె, గోడకు అంతోని ఫోటో. నీళ్లకు ఫోటోలో సగం ముఖం పోయింది. పెళ్లి కాగితం, బాప్తిస్మపు కాగితం అన్నీ ఆ నీళ్లలోనే పోయాయట.

అంతోని మా చర్చిలో గంట కొట్టేవాడు, సమాధులు తవ్వేవాడు. 2008లో పోయాడు. పిల్లలు లేరు. శౌరమ్మ పుట్టింటివారు హనుమాన్ జంక్షన్ అవతల కథోలికులు. అటు వైపు కూడా ఇప్పుడెవరూ మిగల్లేదు.

నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. గట్టిగా అన్నాక నేల మీద కూర్చుంది. మంచం మీద కూర్చోమంటే, ఆ మంచం మీద మీరు కూర్చున్నారు కదండీ అంది. ఎంతోమంది పిల్లలను ప్రశ్నలతో నిలబెట్టిన నేను ఆ గదిలో ఏం మాట్లాడాలో తెలియక, బియ్యం ఉన్నాయా, నీళ్ల ట్యాంకరు వస్తోందా అని అడుగుతూ కూర్చున్నాను. చివరకు తనే అడిగింది.

"ఒక్క సాయం చెయ్యాలండి టీచరమ్మగారూ. నేను పోతే నన్ను ఆయన గుంటలోనే పెట్టించండి. పద్నాలుగేళ్లు దాటితే ఇంటోళ్ల కోసం తిరిగి తవ్వొచ్చని ఆయనే చెప్పేవోడు. పదిహేడేళ్లయిపోయింది కదండీ."

నేను ఔననలేదు, కాదనలేదు.

"బతికున్నన్నాళ్లూ మంచమంతా ఆయనే పరుచుకుని పడుకునేవోడండి. ఇప్పుడన్నా కాస్త జరగమంటాను" అని నవ్వింది.

జాబితా సంగతి చెప్పడానికి సందర్భం రాలేదు. గంటా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. సందర్భం రాలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

గవర్నర్‌పేటలో మాణిక్యంగారి పుస్తకాల షాపుకు వెళ్లాను. లోపలి గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. శౌరమ్మ ఆరోగ్యం సంగతీ, ఆమె అడిగిన సంగతీ చెప్పాను. ఆయన నిజంగా బాధపడ్డారు. ఆయన పిల్లలు కూడా ఆ వసారాలో పెరిగినవాళ్లే. కానీ జాబితా శనివారం పై ఆఫీసుకు వెళుతోందట. ఇంటివాళ్లెవరూ సభ్యులుగా లేని గుంటలను వేరేవారికి కేటాయించేస్తున్నారట. అంతోని గుంట అందులో ఉంది. ఎవరికివ్వాలో కూడా మాట అయిపోయిందన్నారు.

తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"ఒక్క టిక్కు ఉంటే చాలండీ. మూడేళ్లలో ఒక్కటి. ఎక్కడో మీ కన్ను తప్పి ఉంటుంది. ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకోండి."

"నా కన్ను తప్పలేదండి."

"తప్పిందనుకోండి."

"ఎందుకనుకోవాలి?"

ఆయన కాఫీ గ్లాసు పక్కకు పెట్టారు. "చిన్న గీతే కదండీ టీచరుగారూ."

ఆయనకు గీత. నాకు సాక్ష్యం. ఇరవై రెండేళ్లలో ఆ రిజిస్టరులో ఒక్క అబద్ధం లేదు. ఈ వయసులో, అదీ ప్రభువు బల్ల విషయంలో, మొదలుపెట్టను. లేచి వచ్చేశాను.

సరిగ్గానే చేశాను.

ఫిబ్రవరి 20, గురువారం

సరిగ్గానే చేశాను.

ఫిబ్రవరి 22, శనివారం

జాబితా వెళ్లిపోయిందని మాణిక్యంగారు ఫోన్ చేసి చెప్పారు. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

హెప్సిబా నోటీసు బోర్డు చదివింది. ఆదివారాలు ఎక్కువగా డ్యూటీలో ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ చూడలేదు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. అన్నం ముందు కూర్చుని అడిగింది, నువ్వు రాశావా అని. నియమం చెప్పాను. ముప్పైఆరు గడుల సంగతి చెప్పాను. విన్నది.

"ఆమె బల్ల దగ్గరికి ఎందుకు రాలేదు అమ్మమ్మా?"

రావాలనుకుంటే రావచ్చు, ఎవరూ ఆపలేదు అన్నాను.

"పిల్లల్ని వదిలేసి వస్తుందా? నేనూ ఆ పిల్లల్లో ఉన్నాను. నేను ఆమె ఒళ్లో కూర్చుంటేనే నువ్వు లోపలికెళ్లి సంస్కారం తీసుకున్నావ్."

నేను తన కంచంలో కూర వడ్డించాను.

"ఆమెను అక్కడ ఎవరు కూర్చోబెట్టారు?"

స్త్రీల సమాజం అన్నాను.

"స్త్రీల సమాజం అంటే ఎవరు?"

పిల్ల లేచి చెయ్యి కడుక్కుంది. సగం అన్నం అలాగే ఉంది.

మధ్యాహ్నం స్త్రీల సమాజం పాత మినిట్స్ పుస్తకాలు దించాను. 2009 జూన్ 14. ఆరో అంశం. "సంస్కార సమయమున పసిపిల్లల అల్లరి వలన ఆరాధనకు భంగము కలుగుచున్నందున, సంస్కారము ముగియు వరకు పిల్లలను శౌరమ్మ వసారాలో చూచుకొనునట్లు తీర్మానించడమైనది. ప్రతిపాదించినవారు: కార్యదర్శి."

సమాజానికి అప్పటి కార్యదర్శిని నేను. అక్షరాలు నావి. చివర నా సంతకం, కింద రెండు గీతలు.

మరి శౌరమ్మ ఎప్పుడు తీసుకోవాలి? అది అందులో లేదు. ఎవరూ అడగలేదు. శౌరమ్మను మీటింగుకు పిలవలేదు. మర్నాడు నేనే వెళ్లి చెప్పాను. సరేనండి అంది.

జూలై 2009 నుంచి ఈ నెల వరకు నూట ఎనభై ఎనిమిది సంస్కారాలు. కరోనాలో చర్చి మూసిన ఏడు నెలలు తీసేస్తే నూట ఎనభై ఒకటి. నూట ఎనభై ఒక్కసార్లు నేను కళ్లు మూసుకుని, మోకరించి, ప్రశాంతంగా తీసుకున్నాను. పసిపిల్ల ఏడుపు ఒక్కటి వినపడలేదు. ఆ ప్రశాంతత నా భక్తి వల్ల వచ్చిందనుకున్నాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

డయాలసిస్ లేని రోజు కాబట్టి శౌరమ్మ పనికి వచ్చింది. వద్దని చెప్పినా వస్తోంది. పాస్టరు అయ్యగారు అంగీలు మార్చుకునే గదిలో కప్పులకు పట్టిన మచ్చలు నిమ్మచెక్కతో రుద్దుతోంది. తలుపు దగ్గరకు వేసి, అంతా చెప్పాను. జాబితా, పద్నాలుగో పేరు, రాసింది నేనని, అంతోని గుంట సంగతి. నిలబడే చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది. కప్పును గుడ్డ మీద బోర్లించి, తర్వాత మాట్లాడింది.

"మరి ఆయన్ని తీసేత్తారాండి?"

తీయరు, పైన ఇంకొకరిని పెడతారని చెప్పాను. తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

ఇన్నేళ్లలో నేనూ తీసుకుంటానని ఒక్కసారి ఎందుకు అడగలేదని అడిగాను. అడగకూడని ప్రశ్న. అయినా అడిగాను, తప్పులో ఆమెకూ కొంత వాటా దొరుకుతుందేమోనని.

"పిల్లలు నిద్దరోతే వద్దామనుకునేదాన్నండి. ఈలోగా బల్ల ఎత్తేసేవారు. మీరు ఎప్పుడో పిలుత్తారులే అనుకునేదాన్ని."

తర్వాత, తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. కప్పులు మొదటిసారి తొలిచిన నీళ్లు కాలవలో పోయకూడదని పాత అయ్యగారు ఎప్పుడో చెప్పారట, అందులో ప్రభువుది ఉంటుంది కాబట్టి. ఎక్కడ పోయాలో ఆయన చెప్పలేదు. అందరూ వెళ్లాక, ఆ నీళ్లు ఒక గ్లాసులోకి వంచి, ప్రార్థన చేసుకుని తాగేదట.

"తప్పాండి?"

ప్రతిసారీ తాగావా అని అడిగాను. ఒక్కసారి కూడా మానలేదండి అంది.

 

ఫిబ్రవరి 26, బుధవారం

అయ్యగారిని కలిశాను. చిన్నవాడు, మంచివాడు. కడిగిన నీళ్ల సంగతి విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. దేవుడు లెక్కపెడతాడమ్మా అన్నారు. కమిటీ లెక్కపెడుతుందా అని అడిగాను. పెట్టదన్నారు. మొన్న ఆ టిక్కు పెట్టి ఉంటే బాగుండేదని ఆయన అనలేదు. ఆయనకు తెలియదు.

నాకు తెలుసు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

కమిటీ మీటింగు. పన్నెండు మందికి తొమ్మిది మంది వచ్చారు. 2009 తీర్మానం చదివాను. ప్రతిపాదించింది నేనని, శౌరమ్మ గడులు ఖాళీగా ఉండటానికి కారణం నేనని చెప్పాను. పెద్ద మనిషి కళ్లల్లో నీళ్లు పెట్టుకుంటే ఎవరికైనా ఇబ్బందే, అందుకని నీళ్లు రానివ్వలేదు. ఎవరో మంచినీళ్లు అందించారు. తాగలేదు.

పై ఆఫీసుకు వెళ్లిన జాబితాను మార్చే అధికారం కమిటీకి లేదట. కొత్త సభ్యురాలిగా చేర్చుకోవచ్చు. దానికి నియమం ఉంది: మూడు నెలలు వరుసగా సంస్కారం తీసుకోవాలి. మార్చి, ఏప్రిల్, మే. మే 4న మూడోది అయితే, ఆ రోజే పేరు ఎక్కుతుంది, అంతోని గుంట ఆమెదవుతుంది. అప్పటివరకు ఆ గుంటను ఎవరికీ ఇవ్వకుండా ఆపుతామని మాణిక్యంగారు మాట ఇచ్చారు. మంచం పట్టినవారికి ఇంటి దగ్గర ఇచ్చింది కూడా లెక్కే.

అరవై అయిదు రోజులు.

మార్చి 2, ఆదివారం

మొదటిది.

హెప్సిబా సెలవు పెట్టి శౌరమ్మను ఆటోలో తీసుకొచ్చింది. ఉతికిన తెల్లచీర. ముందు బెంచీలో కూర్చోమంటే ఒప్పుకోలేదు. చివరి బెంచీలో అంచున కూర్చుంది, ఎవరైనా లేవమంటే వెంటనే లేవడానికన్నట్టు.

వసారాలో పిల్లలకు ఎవరూ లేరు. ఎవరినైనా పెట్టాలని నాకు తోచలేదు. ఈసారి కూడా. తల్లులు చంకన వేసుకునే వచ్చారు. ఒకటే ఏడుపులు. ఒక పిల్లవాడు మధ్య దారిలో పరుగెత్తాడు. నా వెనక బెంచీలో ఒకావిడ, శౌరమ్మ ఏమైందీ రోజు అని విసుక్కుంది. శౌరమ్మ అప్పటికి బల్ల దగ్గర మోకరించి ఉంది. పిల్లవాడు పడి ఏడ్చాడు. ఆమె అటు తిరిగి, సగం లేచింది. హెప్సిబా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

రొట్టె తీసుకుంది. కప్పు తీసుకుంది. తాగిన కప్పును పళ్లెంలో పెట్టకుండా చేతిలో పట్టుకునే ఉంది, కడగడానికి. అయ్యగారు మెల్లగా వేళ్లు విడదీసి తీసుకోవలసి వచ్చింది.

టిక్కు పెట్టాను. గీత గడి దాటింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

కప్పులు నేనూ హెప్సిబా కడిగాం. నూట యాభై ఒకటి. మొదటి నీళ్లు గ్లాసులోకి వంచి పట్టుకుని నిలబడ్డాను. తాగే అర్హత లేదనిపించింది. పారబోసే ధైర్యమూ లేదు. హెప్సిబా నా చేతిలోంచి తీసుకుని తాగేసింది.

మార్చి 13, గురువారం

శౌరమ్మను డయాలసిస్‌కు నేనే తీసుకెళ్లాను. నాలుగు గంటలు. ఈవిడ మీకు అక్కగారా అని పక్క మంచం ఆవిడ నన్ను అడిగితే, శౌరమ్మ తనే జవాబు చెప్పింది: "మా గుడి టీచరమ్మగారండి. చాలా కచ్చితం మనిషి." గొప్పగా చెప్పింది.

మార్చి 24, సోమవారం

శౌరమ్మకు ఊపిరి అందడం లేదు. మూడు రోజులు వార్డులో ఉంచారు. మే 4కి ఇంకా యాభై రోజులే కదా అని నేనంటే, నలభై ఒకటని హెప్సిబా సరిచేసింది. నేను లెక్క తప్పాను.

ఏప్రిల్ 6, ఆదివారం

రెండోది. ఇంటి దగ్గర. ఆరాధన అయ్యాక అయ్యగారు, నేను, హెప్సిబా సింగ్ నగర్ వెళ్లాం. రొట్టె మింగలేకపోయింది. రసంలో తడిపి ఇచ్చారు. అయిపోయాక నా వైపు చూసి, రాశారాండి అంది. రాశానని రిజిస్టరు ఆమె ముందు పెట్టాను. చదువు రాని మనిషి ఆ రెండు గీతలనూ వేలితో తడిమింది.

"ఇంకోటి కదండీ."

ఇంకొక్కటే అన్నాను.

"అప్పటిదాకా ఉంటానులెండి" అంది, నాకు ధైర్యం చెబుతూ.

ఏప్రిల్ 14, సోమవారం

పిల్లల్ని వసారాలో ఎవరు చూస్తున్నారని శౌరమ్మ అడిగింది. వంతులు వేశామని చెప్పాను. అబద్ధం. ఎవరూ ముందుకు రాలేదు. సంస్కారం పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. ఒకరోజు కూర్చోమంటే ఆరుగురు నాకు ఆరు కారణాలు చెప్పారు. అన్నీ మంచి కారణాలే.

ఏప్రిల్ 19, శనివారం

శౌరమ్మను మళ్లీ వార్డులో చేర్చారు. మనుషులను పోల్చుకోవడం తగ్గింది. వారం అంటే ఎక్కువేనని హెప్సిబా అంది.

రేపు ఈస్టరు. రేపూ సంస్కారం ఉంది. రేపటిది మూడోదిగా రాయవచ్చు కదా. మాణిక్యంగారి ఇంటికి వెళ్లాను. చెప్పింది చివరిదాకా విన్నారు. లోపలికి వెళ్లి నియమావళి తెచ్చారు.

"మూడు నెలలు అని ఉందండి. మూడుసార్లు అని లేదు."

తెలుసు. 2016లో ఆ వాక్యం దిద్దింది నేనే. మొదట మూడుసార్లు అనే ఉంది. పవిత్ర వారంలో గురువారం, ఆదివారం వచ్చి, మరో ఆదివారం వచ్చి, సభ్యత్వం పుచ్చుకుని ఏడాదంతా కనపడకుండా పోయేవాళ్లున్నారు. అలాంటివాళ్లు దూరకుండా నెలలు అని మార్పించాను. ఆ రోజు అందరూ నా ముందుచూపును మెచ్చుకున్నారు.

"ఒక్కరి కోసం వదిలేస్తే రేపు నలుగురు నా మెడ మీద కూర్చుంటారండి. నా తరపు నుంచి నేను ముందే ఒక మాట చెప్పాను మీకు, షాపులో. అప్పుడు మీరు వినలేదు."

ఆయన తప్పేమీ లేదు. నా మాటలే నాకు తిరిగి చెప్పారు.

ఏప్రిల్ 20, ఆదివారం, ఈస్టరు

అయ్యగారు ఆసుపత్రికి వచ్చి శౌరమ్మకు ఇచ్చారు. పెదవులకు తాకించారు, అంతే. రిజిస్టరులో మే గడి ఉంది. పెన్ను తీశాను. పెట్టాను. ఏప్రిల్ 20న, మే గడిలో, టిక్కు.

ఏప్రిల్ 21, సోమవారం

హెప్సిబాకు చూపించాను. చూసి, మెల్లగా అంది, "ఇప్పుడు పెట్టి లాభం లేదు అమ్మమ్మా. మే నెల రాలేదని అందరికీ తెలుసు."

అబద్ధం చెప్పడానికి కూడా వేళ ఉంటుంది. నాకు ఆ వేళ ఫిబ్రవరిలో వచ్చింది.

ఏప్రిల్ 23, బుధవారం

పొద్దున్న ఏడు గంటల పది నిమిషాలకు శౌరమ్మ పోయింది.

పదకొండు రోజులు తక్కువ.

ఏప్రిల్ 24, గురువారం

నిన్న సాయంత్రం కమిటీ అత్యవసరంగా కూర్చుంది. పదకొండు రోజులే కదా అని ఇద్దరన్నారట. నియమం నియమమే అని మిగతావాళ్లు. ఎవరూ గొంతు పెంచలేదట. చర్చిలో ఆరాధన జరపడానికి అనుమతి ఇచ్చారు, తోటలో కాదు. కమిటీ తరపున పూలదండ తెచ్చారు.

చర్చి నిండిపోయింది. నేను లెక్కపెట్టలేదు. వసారాలో పెరిగినవాళ్లందరూ వచ్చినట్టున్నారు. గడ్డాలు వచ్చినవాళ్లు, పెళ్లయినవాళ్లు, చంకన పిల్లలతో వచ్చినవాళ్లు. ఒక కుర్రవాడు పెట్టె మోస్తూ వెక్కివెక్కి ఏడ్చాడు. మాణిక్యంగారి కొడుకు. అయ్యగారు నమ్మకమైన దాసురాలని ప్రసంగించారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను కూడా అన్నాను. అంటుంటే సిగ్గేసింది.

మున్సిపాలిటీ శ్మశానవాటికకు నలభై మంది వచ్చారు. ఒక పక్క క్రైస్తవులకు కొంత చోటు ఉంది. చుట్టూ తెలిసిన పేరు ఒక్కటి లేదు. గుంట ముందే యంత్రంతో తవ్వి ఉంచారు. మనిషి తవ్వినట్టు అంచులు తీరుగా లేవు. అంతోని చూస్తే ఒప్పుకునేవాడు కాదు. మట్టి వేసేటప్పుడు హెప్సిబా నా చెయ్యి పట్టుకుంది. నన్ను క్షమించినందుకు కాదు. పడిపోతానేమోనని.

తర్వాత ఆఫీసు గదిలో ఫారం పూర్తి చేయాలన్నారు. గుమాస్తా నడివయసు మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. పేరు, వయసు, చిరునామా, మరణ కారణం నేనే చెప్పాను. మతం అడిగాడు, చెప్పాను. సంఘం పేరు అడిగాడు. సభ్యత్వం లేదన్నాను. తల ఎత్తి చూసి, గీత గీసి వదిలేశాడు. చివర, ఫారం ఇస్తున్నవారికి చనిపోయినవారితో సంబంధం.

"ఆమె మీకేమవుతారండి?"

ఫారంలో ఆ గడి వైపు చూశాను. అతను పెన్ను పట్టుకుని ఉన్నాడు. వెనక ఇంకో శవం వచ్చింది. వాళ్లవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు.

"చుట్టాలాండి?"

కాదన్నాను.

"మీ ఇంట్లో పనిచేసేవారా?"

కాదన్నాను.

"ఖాళీ వదలకూడదండి" అని, తనే రాసి, సంతకానికి ఫారం నా వైపు తిప్పాడు.

తెలిసినవారు, అని రాశాడు.

ముప్పై ఏళ్లు ఒకే చర్చిలో ఉన్నాం. ఆమె పుట్టినరోజు నాకు తెలియదు. ఆమెకు ఏ పాట ఇష్టమో ఈ రోజు అయ్యగారు అడిగితే చెప్పలేకపోయాను. ఆమె ఎప్పుడు తింటుందో, ఆదివారాలు మేమంతా వెళ్లిపోయాక సింగ్ నగర్‌కు ఎలా వెళ్తుందో ఒక్కసారీ అడగలేదు. అతను రాసింది నిజం కాదు. దిద్దమని చెప్పలేదు. దిద్దితే ఏం రాయాలో తెలియలేదు.

సంతకం పెట్టాను.